విటమిన్: బలమా, వలసా? – దాత మూలకణ మార్పిడి సందర్భంలో తెలుగు వైద్యరచన భాషపై విమర్శ

వ్యాససంగ్రహం

తెలుగులో విటమిన్ వెంట నడిచే మాట 'బలం'. లోపవ్యాధులను గురించి రాసినంతకాలం ఆ మాట సరిపోయింది. దాత మూలకణాలను రోగి దేహంలో నాటే చికిత్స దగ్గర అదే మాట అపార్థానికి, ఒక్కొక్కప్పుడు అపాయానికి దారి చూపుతుంది. ఆ చికిత్స తరువాతి ఉపద్రవాలను తగ్గించడానికి విటమిన్ ఎ ఇచ్చి చూసిన ఒక ప్రయోగాన్ని ఆధారం చేసుకొని, శ్రీకాకుళం ప్రాంతపు వైద్య, భాషా చరిత్రల వెలుగులో తెలుగు వైద్యరచన పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విటమిన్ ఎ, మూలకణ మార్పిడి, మెథోట్రెక్సేట్, వైద్యరచన, పరిభాష, ఆమదాలవలస, వ్యావహారిక భాష.

ప్రస్తావన

శ్రీకాకుళం పట్టణానికి చెందిన రైలు స్టేషను ఆ పట్టణంలో లేదు. 'శ్రీకాకుళం రోడ్' అన్న పేరుతో అది ఆమదాలవలసలో ఉంది. పెద్ద జబ్బులతో విశాఖపట్నానికో, హైదరాబాదుకో, వేలూరుకో రైలులో వెళ్ళేవారిలో చాలామంది ఎక్కేదీ, నెలల తరువాత తిరిగి దిగేదీ అక్కడే. దాత మూలకణ మార్పిడి చేయించుకున్న వారికి ఈ రాక చికిత్స ముగింపు కాదు. భారతదేశంలో ఈ చికిత్స 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైంది. 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల అందుకుంది. రక్త క్యాన్సర్లకూ, తలసీమియాకూ, ఉత్తరాంధ్ర ఏజెన్సీ గిరిజన కుటుంబాలలో కనిపించే సికిల్ సెల్ వ్యాధికీ ఇది వ్యాధిని మూలంతో తీసివేయగల మార్గం. అయితే ఇంటికి వచ్చిన తరువాతి నెలలే అసలు గండం. ఆ నెలల్లో రోగి చేతిలో ఉండేది ఆంగ్లంలో రాసిన ఒక కాగితం. దాన్ని ఇంటి భాషలోకి తెచ్చేది చదువుకున్న మేనల్లుడో, మందుల దుకాణదారో, ఎప్పుడో పత్రికలో చదివిన ఆరోగ్యశీర్షికో.

ఈ అనువాదంలో ఒక గొలుసు కనిపిస్తుంది. వైద్యుడు 'ఇమ్యూనిటీ తక్కువగా ఉంది' అంటాడు. పత్రిక దాన్ని 'రోగనిరోధక శక్తి తగ్గింది' అని రాస్తుంది. ఇల్లు 'బలం తగ్గింది' అని వింటుంది. దుకాణంలో 'బలానికి ఏదైనా ఇవ్వండి' అని అడుగుతుంది. నాలుగు మెట్లలో ఏదీ పచ్చి అబద్ధం కాదు. చివరి మెట్టు దగ్గర మాత్రం రోగి చేతిలోకి ఇనుము కలిసిన టానిక్కు వస్తుంది. తలసీమియా వల్ల ఏళ్ళ తరబడి రక్తం ఎక్కించుకున్న పిల్లవాడి దేహంలో ఇనుము అప్పటికే మితిమీరి ఉంటుంది. బలం కోసం కొన్నది భారమవుతుంది.

లోపాల కాలంలో కుదిరిన మాట

'బలం' అన్న పదాన్ని తప్పుపట్టే ముందు దానికి న్యాయం చేయాలి. విటమిన్ అన్న మాటకు మూలం 1912లో కాసిమిర్ ఫంక్ చేసిన కల్పన. ప్రాణం అని అర్థమిచ్చే లాటిన్ పదాన్ని ఒక రసాయనవర్గం పేరుతో కలిపి ఆయన దాన్ని రూపొందించాడు. తెలుగులో కొందరు వాడిన 'జీవసత్త్వం' అన్న మాటలోనూ ఉన్నది సత్త్వమే. రేచీకటి, బెరిబెరి, స్కర్వీ వంటి వ్యాధులు లోటు వల్ల వస్తాయి. లోటు పూడిస్తే పోతాయి. ఇచ్చినది కనపడే మేలు చేస్తుంది గనుక దాన్ని బలం అనడంలో దోషం లేదు. భారత ప్రభుత్వం 1970లో చేపట్టిన రేచీకటి నివారణ కార్యక్రమం ఈ తర్కం మీదే నిలిచింది. దాని వెనుక హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. ఏడాది నిండిన పిల్లలకు ఆరేసి నెలలకు ఒకసారి చెంచాతో పోసే 2 మిల్లీలీటర్ల ద్రావణంలో 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఉంటుంది. ఆమదాలవలస అంగన్‌వాడీలో పిల్లవాడి నోట్లో పడే ఆ చెంచా, ఈ వ్యాసంలో మళ్ళీ ఒకసారి ప్రస్తావనకు వస్తుంది.

ఆ తరం వైద్యశాస్త్రవేత్తల్లో శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి ముఖ్యుడు. 1921లో పుట్టి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశాడు. తరువాత అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకూ, భారత వైద్య పరిశోధన మండలికీ నాయకత్వం వహించాడు. అయొడైజ్డ్ ఉప్పుతో గాయిటర్‌ను తగ్గించవచ్చని చూపిన కాంగ్రా లోయ అధ్యయనంతోనే ఆయన పేరు ఎక్కువగా వినిపిస్తుంది. అంతగా వినిపించనిది 1948 నాటి ఆయన పత్రం. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే అతిసారం దాని విషయం. విటమిన్ ఎ అంటే కన్ను మాత్రమే అనుకునే అలవాటు బలంగా ఉన్న రోజుల్లో ఆ చూపు పేగు వైపు తిరిగింది. పేగు లోపలి పొర చెడకుండా నిలవడానికి ఈ విటమిన్ అవసరమన్న అవగాహన ఇవాళ మూలకణ మార్పిడి వార్డులో అక్కరకు వస్తున్నది.

అదే 1948లో అట్లాంటిక్ అవతల మరొక కథ నడిచింది. దాన్ని తెలుగువారు తమదిగా చెప్పుకుంటారు గాని, పూర్తిగా చెప్పుకోరు.

విటమినూ దాని శత్రువూ

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గురించిన తెలుగు పాఠాలూ జయంతి వ్యాసాలూ ఎక్కువగా జాబితా రూపంలో ఉంటాయి. ఫోలిక్ ఆమ్లం కనిపెట్టాడు, క్యాన్సరు మందు కనిపెట్టాడు, బోదకాలు మందు కనిపెట్టాడు, నోబెల్ రాలేదు. మొదటి రెండింటి మధ్య ఉన్న సంబంధాన్ని ఈ జాబితా మింగేస్తుంది. సోదరుడు స్ప్రూ వ్యాధితో మరణించడం సుబ్బారావు జీవితంలో మానని గాయం. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకు పనికివచ్చిన విటమిన్. ఇంతవరకు బలం కథే. కాని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి రూపాలను లుకేమియా పిల్లలకు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గడానికి బదులు వేగం పుంజుకున్నట్లు కనిపించింది. విటమిన్ రోగికి కాక రోగానికి బలమిచ్చింది. అప్పుడు ఫార్బర్ ప్రశ్నను తిరగేశాడు. విటమిన్‌ను అడ్డుకునే పదార్థం ఇస్తే ఏమవుతుంది? ఆ పదార్థాలు వచ్చినదీ సుబ్బారావు ప్రయోగశాల నుంచే. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. సియాటిల్ బృందం 1986లో దాన్ని సైక్లోస్పోరిన్‌తో కలిపి ఇచ్చి, దాత కణాల దాడి తగ్గుతుందని చూపింది. నేటికీ అనేక చోట్ల మార్పిడి జరిగిన తరువాత 1, 3, 6, 11 రోజులలో ఈ మందును చిన్న మోతాదుల్లో ఇస్తారు. దాని వల్ల నోరు పుండ్లు పడకుండా కొన్ని ఆసుపత్రులు ఫోలినిక్ ఆమ్లాన్ని, అంటే అదే విటమిన్ మరో రూపాన్ని, లెక్కవేసిన గంటలలో ఇస్తాయి. ఒకే మంచం మీద, ఒకే వారంలో విటమిన్‌కు శత్రువు మందుగానూ విటమిన్ దానికి విరుగుడుగానూ పనిచేస్తున్నాయి. సుబ్బారావు జీవితాన్ని జాబితాగా చదివిన విద్యార్థికి ఈ దృశ్యం అర్థం కాదు. 'విటమిన్ ఎప్పుడూ మంచిదే' అన్న నమ్మకాన్ని ప్రశ్నించగల తెలుగు ఉదాహరణ ఉండికూడా పాఠ్యపుస్తకం దాన్ని పొగడ్తగా మార్చి పక్కన పెట్టింది.

అంటు, ఇల్లరికం, దాడి

ఈ చికిత్సలో అన్నిటికన్నా భయపెట్టే ఉపద్రవాన్ని ఆంగ్లంలో జి.వి.హెచ్.డి. అంటారు. దాత నుంచి వచ్చిన తెల్లకణాలు రోగి చర్మాన్నీ కాలేయాన్నీ పేగునూ పరాయివిగా భావించి దెబ్బతీయడం దాని స్వభావం. దీన్ని తెలుగులో చెప్పబోయినప్పుడు మొదటి తప్పటడుగు 'తిరస్కరణ' అన్న మాట. కిడ్నీ మార్పిడి వార్తల వల్ల పాఠకుడికి ఆ మాట పరిచయం. అక్కడ దేహం వచ్చిన అవయవాన్ని కాదంటుంది. ఇక్కడ వచ్చినది దేహాన్ని కాదంటుంది. కర్తాకర్మలు తారుమారైనా అదే పదం వాడితే, 'కొత్త కణాలకు బలం చాలక నిలవలేదు' అన్న అర్థమే మిగులుతుంది. బలం ఎక్కువై తిరగబడ్డాయన్న సంగతి మరుగున పడుతుంది.

రెండో తప్పటడుగు 'అంటు'. మామిడి తోటల నాడులో ఈ మాట తేలికగా తగులుతుంది. అంటుకట్టడం, అంటుకొమ్మ, అంటుమామిడి. కాని మామిడిలో వేరుమొక్కకూ కొమ్మకూ యుద్ధం ఉండదు. పైగా అంటు అనగానే పక్కనే అంటువ్యాధి నిలబడుతుంది. ఇప్పటికే ముసుగు కట్టుకొని తిరిగే రోగిని చూసి జంకే ఇరుగుపొరుగుకు ఆ ధ్వని మరింత జంకు తెస్తుంది. ఇంతకన్నా నమ్మదగిన పోలిక తెలుగు కుటుంబవ్యవస్థలోనే ఉంది. అది ఇల్లరికం. ఇల్లు నిలబెట్టడానికి తెచ్చుకున్నవాడు ఇంటి మనుషులనే పరాయివారిగా చూస్తే ఏమవుతుందో చెప్పడానికి ఏ పరిభాషా అక్కరలేదు. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటి మందులు ఆ వచ్చినవాణ్ణి వెళ్ళగొట్టవు, కొంతకాలం నెమ్మదిపరుస్తాయి. లుకేమియా రోగి విషయంలో ఇంకొక మెలిక ఉంది. ఆ వచ్చినవాడి కోపమే మిగిలిన క్యాన్సరు కణాలను తుడిచిపెడుతుంది గనుక పూర్తిగా నోరు నొక్కడమూ మంచిది కాదు. సికిల్ సెల్ రోగికి ఆ లాభం లేదు. అక్కడ దాడి నష్టమే.

ఈ పోలికతో చూస్తే 'రోగనిరోధక శక్తిని పెంచే' పదార్థాల ప్రమాదం వెంటనే తెలుస్తుంది. ఆసుపత్రి ఒక చేత్తో నెమ్మదిపరుస్తున్నదాన్ని ఇల్లు ఇంకో చేత్తో రెచ్చగొడుతుంది. కోవిడ్ కాలంలో ప్రతి ఇంటి గోడనూ ఎక్కిన తిప్పతీగ దీనికి దగ్గరి ఉదాహరణ. దాన్ని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు 2021లో నివేదించారు. వారు మార్పిడి రోగులు కారు. అప్పటికే కాలేయం గండంలో ఉన్న మార్పిడి రోగి విషయంలో ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనక్కరలేదు.

ప్రయోగం చెప్పినదీ చెప్పనిదీ

ఈ నేపథ్యంలో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి చేసిన పనిని చదవాలి. మార్పిడి తరువాత 30వ రోజున రక్తంలో విటమిన్ ఎ తక్కువగా ఉన్న పిల్లలలో పేగుకు సంబంధించిన జి.వి.హెచ్.డి. ఎక్కువగా కనిపించిందని వారు 2017లో ప్రచురించారు. ఇది సంబంధం మాత్రమే, కారణం కాదు. దేహంలో వాపు పెరిగినప్పుడు విటమిన్ ఎ ను రక్తంలో మోసే ప్రొటీను తనంతట తాను తగ్గుతుంది. కాబట్టి తక్కువ విటమిన్ రోగానికి కారణమో, రాబోయే రోగానికి నీడో ఆ పరిశీలన ఒక్కటే తేల్చలేదు. అందుకే వారు ప్రయోగానికి దిగారు.

2024లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో 80 మంది పిల్లలూ యువకులూ ఉన్నారు. ఒక వర్గానికి మార్పిడికి ముందు ఒకే ఒక్కసారి నోటి ద్వారా విటమిన్ ఎ ఇచ్చారు. బరువులో కిలోకు 4,000 యూనిట్లు, మించితే 2,50,000 యూనిట్లు. రెండో వర్గానికి మందు లేని నకలు. 50 కిలోల యువకుడికి ఈ లెక్కన పడేది 2 లక్షల యూనిట్లు. అంటే అంగన్‌వాడీ చెంచా. ఇంత చిన్న పనితో అంత పెద్ద గండం తగ్గితే ఎవరికి ఆనందం కాదు? ఫలితాన్ని ఆనందంతో కాక వరుసగా చదవడం విమర్శకుడి పని.

ప్రయోగం ముందుగా పెట్టుకున్న ప్రధాన ప్రశ్న 100 రోజులలోగా వచ్చే తీవ్రరూపం గురించి. విటమిన్ వర్గంలో అది 12.5 శాతం, నకలు వర్గంలో 20 శాతం. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చునని గణాంకాలే చెప్పాయి. పేగు విషయంలో 2.5 శాతం, 12.5 శాతం. ఇదీ గట్టి తేడా కాలేదు. ఏడాదిలోగా వచ్చే దీర్ఘకాలిక రూపంలో మాత్రం 5 శాతానికి 15 శాతంగా తేడా నిలిచింది. శాతాలను మనుషులుగా మారిస్తే, వర్గానికి 40 మంది చొప్పున, సుమారు ఇద్దరికి ఆరుగురు. నలుగురు పిల్లలు తప్పించుకున్నారంటే ఆ నలుగురి ఇళ్ళలో అది సర్వస్వం. శాస్త్రానికి మాత్రం అది ఇంకా పెద్ద ప్రయోగాన్ని కోరే సూచన. విటమిన్ నిజంగా తీసుకున్నవారిని మాత్రమే లెక్కవేసినప్పుడు పేగు ఫలితం కూడా బలపడింది. అయితే అటువంటి లెక్క, చీటీ వేసి విడదీసిన వర్గాల సమతను కొంత చెడగొడుతుంది. విటమిన్‌కు ఆపాదించదగిన హాని ఒక్కరిలో మాత్రమే, లక్షణాలు లేకుండా పెరిగి తగ్గిన బిలిరుబిన్ రూపంలో కనిపించడం ఊరట. విటమిన్ డి విషయంలో స్పెయిన్‌లో 2016లో ప్రచురితమైన ప్రయోగం కూడా దాదాపు ఇదే ఆకారం చూపింది. తీవ్రరూపంలో మార్పు లేదు, దీర్ఘకాలిక రూపంలో తగ్గుదల ఉంది.

ఇప్పుడు తెలుగు ఆరోగ్యశీర్షికల అచ్చులో ఒక నమూనా వాక్యాన్ని పోసి చూడవచ్చు: 'విటమిన్ ఎ రోగనిరోధక శక్తిని పెంచి మూలకణ మార్పిడి తరువాతి ఉపద్రవాలను నివారిస్తుంది.' వ్యాకరణదోషం లేదు. కాని రెండు క్రియలూ తప్పే. 'నివారించు' తెలుగులో మొదటినుంచీ రెండు పడవల మీద నిలిచిన మాట. రాకుండా చేయడమూ, వచ్చినదాన్ని పోగొట్టడమూ రెండూ నివారణే. నొప్పి నివారణ మాత్ర నొప్పి వచ్చాక వేసుకునేది. మార్పిడికి ముందు ఒకసారి ఇచ్చిన మోతాదును గురించి చెప్పిన వాక్యాన్ని, జబ్బు మొదలయ్యాక రోజూ వేసుకోవలసిన మాత్రగా పాఠకుడు చదివితే తప్పు పాఠకుడిది కాదు. 'పెంచి' అన్నది ఇంకా పెద్ద తప్పు. ఆ ప్రయోగంలో విటమిన్ పొందినవారి రక్తంలో వాపును సూచించే పదార్థాలు తక్కువగా ఉన్నాయి. అది పెంచడం కాదు, చల్లార్చడం.

వలస అన్న మాట

చల్లార్చడం ఎలా జరిగింది? ఇక్కడే ఆమదాలవలస పేరులోని రెండో సగం పనికివస్తుంది. ఉత్తరాంధ్రలో కొత్తవలస వంటి 'వలస' ఊళ్ళకు కొదవ లేదు. పోయి, ఒకచోట చేరి, నిలబడడం ఆ పదంలో ఉంది. ఇతర ప్రాంతాలకు కూలికి పోయే కుటుంబాల వల్ల ఆ పదంలోని వెళ్ళడమూ ఈ జిల్లావారికి తెలుసు. తెల్లకణాలు రక్తంలో తిరుగుతూ ఏ అవయవంలో దిగాలో నిర్ణయించే ప్రక్రియకు 'ట్రాఫికింగ్' అన్న ఆంగ్లపదాన్ని అలాగే ఉంచడం, లేదా 'రవాణా' అనడం జరుగుతున్నది. రవాణాలో సరుకు తనంతట తాను వెళ్ళదు. వలసలో వెళ్ళేవాడికి గమ్యం తెలుసు. విటమిన్ ఎ నుంచి దేహం తయారుచేసుకునే రెటినోయిక్ ఆమ్లం తెల్లకణాల మీద సి.సి.ఆర్.9 అనే గుర్తును ఏర్పరచి, వాటిని పేగు వైపు నడిపిస్తుంది. దారి చూపేది ఇదే గనుక ఇది బలం కథ కాదు, వలస కథ.

కాని కథ ఇంత సాఫీగా లేదు. పేగుకు దారి చూపేదే విటమిన్ ఎ అయితే, దాన్ని ఇచ్చినప్పుడు దాడికణాలు పేగుకు ఎక్కువగా చేరాలి కదా? 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధన అదే చెప్పింది. రెటినోయిక్ ఆమ్ల సంకేతాన్ని అడ్డుకుంటే జి.వి.హెచ్.డి. తగ్గింది. సిన్సినాటి పిల్లలలో మాత్రం విటమిన్ పొందినవారిలోనే, 30వ రోజున, పేగుదారి గుర్తు ఉన్న దాడికణాలు తక్కువగా కనిపించాయి. పేగు పొర ముందే గట్టిగా ఉండడం వల్ల పిలుపు తగ్గిందా, మోతాదు, సమయం వేరు కావడం వల్లనా అన్నది తేలవలసి ఉంది. రామలింగస్వామి పత్రం మొదటి జవాబు వైపు మొగ్గు చూపడానికి ఆస్కారమిస్తుంది. అది లోపమున్న దేహాన్ని గురించినది అన్న తేడాను మరువకుండా ఉంటేనే. ఇటువంటి చిక్కును తెలుగులో చెప్పలేమన్న వాదం నిలవదు. పైన చెప్పిన నాలుగు వాక్యాల్లో వలస, దారి, గుర్తు, పిలుపు అన్న మాటలకు మించి కఠినమైనవి లేవు. చిక్కును దాచేది భాష పేదరికం కాదు, 'శక్తి పెంచుతుంది' అన్న సిద్ధవాక్యం మీది మోజు.

గిడుగు పాఠం ఎంతవరకు?

ఈ చర్చకు గిడుగు రామమూర్తి పేరు రాకుండా ఉండదు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన ఆయన జనం మాట్లాడే మాటే రచనకు తగినదని పోరాడాడు. దాన్ని యాంత్రికంగా తీసుకుంటే 'బలం' జనం మాటే కదా, దాన్నే వాడాలి కదా అనవచ్చు. గిడుగు పనిని మొత్తంగా చూస్తే ఆ వాదం నిలబడదు. సవర భాష నేర్చుకోవడానికి ఆయన సవరల మధ్యకు వెళ్ళాడు, పదాలు కూర్చాడు, వ్యాకరణం రాశాడు. తనకు తెలిసిన తెలుగు పదాన్ని వారి నోట పెట్టలేదు. జనం మాట వాడడమంటే జనం ఆ మాటతో ఏమి అర్థం చేసుకుంటున్నారో వినడం. ఆ వినికిడి లేని వైద్యరచన గ్రాంథికంలో ఉన్నా వ్యావహారికంలో ఉన్నా ఒకే తప్పు చేస్తుంది.

2023 జులైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించిన తరువాత పరీక్షల కోసం సమాచారపత్రాలు ఏజెన్సీ గ్రామాలకు చేరుతున్నాయి. ముందుముందు మార్పిడి చికిత్స అందుకునే కుటుంబాలలో సవరలూ జాతాపులూ ఉంటారు. వారికి ఇచ్చే అంగీకారపత్రంలో జి.వి.హెచ్.డి. ని 'తిరస్కరణ' అని రాస్తే వారు సంతకం పెట్టేది వేరే జబ్బుకు.

సిన్సినాటి మోతాదు విషయంలో రాయవలసిన తెలుగు పేరా బహుశా ఇలా ఉండాలి: 'మార్పిడికి ముందు ఆసుపత్రిలో, బరువును బట్టి లెక్కవేసి, ఒక్కసారి ఇచ్చిన విటమిన్ ఎ వల్ల, తరువాతి ఏడాదిలో దాత కణాల దీర్ఘకాలిక దాడి తగ్గినట్లు 80 మంది మీద చేసిన ఒక ప్రయోగంలో కనిపించింది. మొదటి 100 రోజుల దాడి తగ్గిందని రుజువు కాలేదు. ఇంటికి వచ్చాక సొంతంగా కొని వాడడాన్ని ఆ ప్రయోగం పరీక్షించలేదు. ఈ విటమిన్ కొవ్వులో కరిగి కాలేయంలో నిలవ ఉంటుంది. ఎక్కువైతే తలనొప్పి, వాంతులు, కాలేయానికి హాని కలుగుతాయి. ఆ లక్షణాలు దాత కణాల దాడి లక్షణాలతో కలిసిపోయి వైద్యుణ్ణి తికమక పెడతాయి.' దీనికి శీర్షిక పెట్టడం కష్టం. 'బలం', 'శక్తి', 'వరం' అన్న మాటలు ఏవీ ఇందులో ఇమడవు. పత్రిక ఉపసంపాదకుడు మొదట కొట్టివేసేది మూడో వాక్యాన్నే. ఆమదాలవలసలో రైలు దిగి మందుల దుకాణం వైపు నడిచే తండ్రికి అన్నిటికన్నా ముందు కావలసినదీ ఆ వాక్యమే.